రాలిన పోగు ఎవరిది?

(ఒక పూర్వ విద్యార్థిని, టైలరింగ్ శిక్షకురాలు)

ఈ ఏడాది మన హాస్టల్లో ఎక్కువగా చర్చ జరిగింది దేని మీద అని అడిగితే పదో తరగతి ఫలితాల మీదనో, మెస్ మెనూ మీదనో అనుకుంటారు. కాదు. కుట్టు గదిలో పరిచిన తివాచీ మీద. "దాన్ని చుట్టి స్టోర్ రూములో పడేద్దాం, పోగుల బాధ వదిలిపోతుంది" అనేవాళ్ళు కొందరు. "ఉండనివ్వండి, రోజూ శుభ్రం చేయిస్తే సరి" అనేవాళ్ళు కొందరు. "శుభ్రం చేయడానికి మనుషులున్నారు కదా, మనకెందుకీ గొడవ" అనేవాళ్ళు మరికొందరు. వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, లక్ష్యసాధన గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను దారప్పోగుల గురించి రాస్తాను. ఆదివారాల్లో వచ్చి మీకు కుట్టు నేర్పే మనిషిగా ఆ గది సంగతి నాకు తెలుసు. పైగా ఆ పోగులు మన అందరి బతుకులకు సంబంధించిన ఒక ప్రశ్న అడుగుతున్నాయి. దానికి సమాధానం చెప్పకుండా తివాచీని చుట్టేయడం నాకు ఇష్టం లేదు.

తివాచీ ఎందుకు వచ్చింది?

కొత్తగా చేరిన చెల్లెళ్ళకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మన కుట్టు గదికి కింద కడప బండలు. మిషన్ తొక్కేవాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుంటారు గానీ హెమ్మింగ్ చేసేవాళ్ళు, హుక్కులు కుట్టేవాళ్ళు, కాజాలు తీసేవాళ్ళు నేల మీదే కూర్చోవాలి. సంక్రాంతి ముందు చలిలో ఆ బండల మీద రెండు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తుంది. వేళ్ళు కొంకర్లు పోతాయి. సూది మాట వినదు. నెలసరి రోజుల్లో ఆ బాధ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది చూసి కొందరు పూర్వ విద్యార్థినులు తలా కొంత వేసుకుని ఈ తివాచీ కొనిచ్చారు. అందులో లక్షాధికారులు ఎవరూ లేరు. ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఒకరు నర్సు, ఇద్దరు ముగ్గురు ప్రైవేటు స్కూలు టీచర్లు, మిగతావాళ్ళు నాలాగే మిషన్ మీద బతికేవాళ్ళు. ఆ బండల చలి ఎరిగినవాళ్ళు కాబట్టే ఇచ్చారు. తివాచీ వచ్చాక మరో మేలు కూడా జరిగింది. మిషన్ల చప్పుడు తగ్గి, పక్కనే ఉన్న స్టడీ హాలు పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు.

అంటే అది అలంకారం కోసం పరిచింది కాదు. అవసరం కోసం పరిచింది. మరి చిక్కు ఎక్కడ వచ్చింది?

పోగుల లెక్క

కుట్టేవాళ్ళకు తెలిసిన లెక్క ఒకటి చెబుతాను. మిషన్ మీద ఒక కుట్టు వేస్తే మొదట పైదారం, బాబిన్ దారం రెండు కొసలు మిగులుతాయి. చివర మరో రెండు. అంటే కుట్టుకు నాలుగు పోగులు కత్తిరించాలి. ఒక జాకెట్టుకు డార్టులు, భుజాలు, చేతులు, పక్కలు, పట్టీలు అన్నీ కలిపి పాతిక కుట్లు పడ్డాయనుకుందాం. పాతిక నాలుగులు వంద పోగులు. పది మిషన్ల మీద పది జాకెట్లు పూర్తయ్యేసరికి వెయ్యి పోగులు. కుట్టు తప్పి విప్పినవి, ఓవర్‌లాక్ చేయని అంచుల నుంచి రాలినవి ఈ లెక్కలో లేవు.

బండ మీద పడిన పోగు చీపురుకు దొరుకుతుంది. తివాచీ మీద పడింది దొరకదు. ఎందుకంటే తివాచీ కూడా దారమే. మనది పొట్టి ఉచ్చులున్న నైలాన్ రకం. దగ్గరదగ్గరగా నిలబడిన వేలాది ఉచ్చుల మధ్యకు పోగు జారుతుంది. మనం నడిచే కొద్దీ అడుక్కి దిగుతుంది. ఉచ్చుకు చుట్టుకుంటుంది. కొబ్బరి ఈనెల చీపురుతో కొడితే ఇంకా లోపలికి పోతుంది. మెత్తటి చీపురు పైపైన జారిపోతుంది. పైగా ఇప్పుడు మనం వాడే దారాల్లో ఎక్కువ భాగం పాలిస్టర్. పొడి వాతావరణంలో పాలిస్టర్, నైలాన్ రాసుకుంటే, తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెనకు కాగితం ముక్కలు అతుక్కున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సైన్సు పాఠంలో చదివిన స్థిర విద్యుత్తు ఇదే.

వాక్యూమ్ క్లీనర్ ఒక్కటి కొంటే తీరిపోతుందని మరికొందరు అంటారు. అది దుమ్మును లాగుతుంది, పొట్టి నూగును లాగుతుంది. కానీ జానెడు దారాలు దాని బ్రష్ రోలరుకు చుట్టుకుని రోలర్నే ఆపేస్తాయి. అప్పుడు ఆ రోలరు విప్పి కత్తెరతో దారాలు కోయాలి. కాబట్టి యంత్రం వచ్చినా ముందు చేయి ఏరాల్సిందే.

నాలుగు పోగులుంటే ఏమవుతుంది?

"పోగులే కదా, పాములా?" అని ఒక చెల్లి నవ్వింది. ఏమవుతుందో చెబుతాను.

తొక్కే మిషన్ కింద చక్రం ఇరుసుకు పోగులు చుట్టుకుంటే తొక్కుడు బరువెక్కుతుంది, కాళ్ళు లాగుతాయి. బాబిన్ కేస్ దగ్గర చేరితే దారం ఊరికే తెగుతుంది, కుట్టు వదులవుతుంది. "మిషన్ పాడైంది మేడం" అని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మందు స్క్రూడ్రైవరు కాదు, బ్రష్షు. విప్పి చూస్తే లోపల చింతపిక్కంత పోగుల ఉండ ఉంటుంది.

రెండోది పాదాల సంగతి. చెప్పులు గది బయట విడిచి వస్తాం. పోగులు పేరుకున్న చోట జారిపడిన గుండుసూది కనబడదు, విరిగిన సూది మొన అసలే కనబడదు. పైదేశాలకు బట్టలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతి ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి తెచ్చి చూపించాలి. అన్నీ దొరికాకే రిజిస్టరులో రాసుకుని కొత్త సూది ఇస్తారు. అక్కడ బట్ట మీద వేలాడే ఒక్క పోగును కూడా లోపంగానే లెక్కవేస్తారు. మీలో చాలామంది రేపు అచ్యుతాపురం బ్రాండిక్స్ లాంటి చోట్ల పనికి వెళ్ళవచ్చు, లేదా మహిళా సంఘాల తరఫున స్కూలు యూనిఫారాలు కుట్టవచ్చు. చేతికి పోగు ఏరే అలవాటు లేకపోతే అక్కడ మొదటి వారమే మాట పడాల్సి వస్తుంది.

మూడోది, పాదాలకు అంటుకున్న పోగులు గదిలోనే ఆగవు. వరండా దాటి మెస్‌కు వస్తాయి. పప్పులో దారం వచ్చిందని మొన్న వంటమ్మను తిట్టినవాళ్ళు ఆ దారం రంగు చూసి ఉంటే అది ఎవరి జాకెట్టుదో తెలిసేది.

నాలుగోది నిప్పు. ఇది నవ్వులాట కాదు. 1911 మార్చి 25న న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ అనే జాకెట్ల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఎనిమిదో అంతస్తులో, గుడ్డ కత్తిరించే బల్ల కింద పీలికలు పోగేసిన పెట్టెలో ఆ నిప్పు పుట్టింది. వారాల తరబడి తీయని పీలికలు అవి. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది మీ వయసుకు కాస్త అటూ ఇటూగా ఉన్న అమ్మాయిలు, పొట్ట చేతబట్టుకుని వేరే దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. అన్ని ప్రాణాలు పోవడానికి పీలికలు మాత్రమే కారణం కాదు. పనివాళ్ళు బయటికి పోకుండా తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు యజమానులు తాళం వేశారు. ఈ రెండో కారణాన్ని మర్చిపోకండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. మన గదిలో ఇస్త్రీ పెట్టె ఉంది, దాని వైరు నేల మీదుగా పోతుంది, కింద నైలాన్ తివాచీ ఉంది. అక్కడ పోగులు, పీలికలు పేరుకోవడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి.

అసలు ప్రశ్న

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్నాళ్ళూ ఆ పోగులు ఎవరు ఏరుతున్నారు?

మన కమాటి అక్క. తెల్లవారుజామున మెస్ దగ్గర మొదలైతే గిన్నెలు, వరండాలు, నీళ్ళ డ్రమ్ములు, మళ్ళీ రాత్రి భోజనాల దాకా ఆమెకు పని తీరదు. చీపురుకు పోగులు రావు కాబట్టి తివాచీ మీద మోకాళ్ళు ఆనించి, వంగి, గోళ్ళతో ఒక్కొక్కటే పీకుతుంది. పదిమంది ఒక్కో నిమిషం చేస్తే పోయే పని ఆమె ఒక్కతే ముప్పావుగంట చేస్తుంది. ఆమె ఎవరో కాదు. మన ఊళ్ళలోని మన పేటల నుంచి వచ్చిన మనిషే. ఆమె కూతురు కూడా ఇలాంటి హాస్టల్లోనే చదువుకుంటోంది.

మనలో చాలామంది అమ్మలు ఇలాగే ఎవరి ఇంట్లోనో, ఏ ఆఫీసులోనో వంగి ఊడ్చి మనల్ని ఇక్కడికి పంపారు. కులం పనిని మాత్రమే పంచలేదు, పని చేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీసిందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో విడమరచి చెప్పారు. ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ 1925లోనే షోలాపూర్‌లో మన పిల్లల కోసం వసతి గృహం నడిపింది. హాస్టల్ అనే ఆలోచన వెనుక ఉన్నది కూడూ గూడూ మాత్రమే కాదు. ఆ మెట్లు ఎక్కి పైన కూర్చోవడం కూడా కాదు. ఆ మెట్లనే లేకుండా చేయడం.

మరి మన గదిలో ఏం జరుగుతోంది? గుడ్డ కత్తిరించే చేయి ఒకటి, రాలిన పోగు ఏరే చేయి వేరొకటి. కత్తిరించిన చేతికి ఏరడం చిన్నతనం అనిపిస్తోంది. మెట్లు బయట ఉన్నాయని మనం ఉపన్యాసాలు ఇస్తున్నాం. పన్నెండడుగుల తివాచీ మీద మనమే ఒక మెట్టు కట్టాం.

చీపురు మా చేతికివ్వకండి అనేవారికి

దీనికి ఎదురుగా ఒక మాట ఉంది. అది తేలిగ్గా తీసిపారేయదగ్గ మాట కాదు. "మా అమ్మ జన్మంతా ఊడ్చింది. నన్ను ఊడ్వడానికి ఇక్కడికి పంపలేదు. చీపురు నా చేతికివ్వకండి" అని తొమ్మిదో తరగతి చెల్లి ఒకామె సమావేశంలో లేచి చెప్పింది. ఆ అమ్మాయి కోపం న్యాయమైనది. బళ్ళలో ఊడ్వాల్సి వచ్చినప్పుడు ఏ పిల్లలను పిలుస్తారో, ఏ పిల్లలను పిలవరో మనకు తెలియంది కాదు. హాస్టల్లో సిబ్బంది లేరనే సాకుతో పిల్లల చేత మరుగుదొడ్లు కడిగించడం, వంటపాత్రలు తోమించడం తప్పు. పోస్టులు ఖాళీగా ఉంటే నింపాల్సింది ప్రభుత్వం. ఆ ఖాళీని మన పిల్లల చేతులతో పూడ్చకూడదు. ఇందులో నేను ఆ చెల్లి వైపే.

కానీ రెండు పనుల మధ్య తేడా చూడండి. ఒకరి మురికిని ఇంకొకరు ఎత్తాలి, అదీ పుట్టుకను బట్టి ఎత్తాలి అనడం ఒకటి. నేను కత్తిరించిన పోగును నేనే తీసుకుంటాను అనడం ఇంకొకటి. మొదటిది వెట్టి. రెండోది పనితనం. కత్తెరకు సాన పట్టుకోవడం, మిషన్‌కు నూనె వేసుకోవడం, టేపు చుట్టిపెట్టుకోవడం ఎలా కుట్టు పనిలో భాగమో, పోగు ఏరుకోవడం అలాంటి భాగమే. నా పోగు నేను ఏరనంటే అది గాలికి పోదు. మరో అమ్మ మోకాళ్ళ మీదికి పోతుంది. మీ అమ్మ ఊడ్చిన బాధ మీకు తెలుసు కాబట్టే ఇంకొకరి అమ్మను వంగనివ్వకండి.

జపాన్ బడుల్లో పిల్లలందరూ రోజూ తమ తరగతి గదిని తామే శుభ్రం చేసుకుంటారు. అక్కడ అది ఎవరికీ అవమానం కాకపోవడానికి కారణం ఒక్కటే, అందరూ చేస్తారు. ఇక్కడ అవమానం కావడానికి కారణం, కొందరే చేయాలి అనడం. మన పొరుగున మహారాష్ట్రలో గాడ్గే బాబా (1876-1956) అనే మహనీయుడు ఉండేవారు. చాకలి కుటుంబంలో పుట్టారు. ఏ ఊరికి వెళ్ళినా ముందు చీపురు పట్టి ఊరి వీధులు ఊడ్చి, ఆ తర్వాతే మాట్లాడేవారు. వచ్చిన విరాళాలతో బడులు, ధర్మశాలలు కట్టించారు. అంబేద్కర్‌కూ ఆయనకూ ఒకరి మీద ఒకరికి ఎంతో గౌరవం. ఇద్దరూ 1956 డిసెంబరులోనే కన్నుమూశారు. ఆయన చీపురుకు గౌరవం ఎందుకు వచ్చింది? ఎవరూ ఆయన చేతిలో పెట్టలేదు. ఆయనే పట్టుకున్నారు.

కాబట్టి నేను అడిగేది ఇది. కుట్టు గదిలో డ్యూటీ చార్టు వద్దు. ఈ వారం ఫలానావాళ్ళు ఊడ్వాలి అనే జాబితా వద్దు. జాబితా వేస్తే చివరికి చిన్న తరగతుల పిల్లల మీదికే పోతుందని మనందరికీ తెలుసు. ఎవరి పోగు వాళ్ళది. పదో తరగతి అమ్మాయిదైనా, టైలరింగ్ మేడందైనా.

తివాచీ మనకెందుకు అనేవారికి

"తివాచీలు ఆఫీసర్ల గదుల్లో ఉంటాయి, మనకు బండలు చాలు" అనే మాట కూడా విన్నాను. ఈ మాట నన్ను బాధపెట్టింది. ఏలూరు తివాచీలు ఎన్నో తరాలుగా పేరు పొందినవి. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని నేసింది ఆఫీసర్లు కాదు. పగలంతా మగ్గం దగ్గర కూర్చునే శ్రమజీవులు. మంచి వస్తువు పెద్దవాళ్ళకు, చవక వస్తువు మనకు అని మనమే అనుకోవడం మొదలుపెడితే ఇక మనల్ని కింద కూర్చోబెట్టడానికి వేరేవాళ్ళు అక్కర్లేదు. మనకు చలేస్తుంది. మన నడుమూ నడుమే. తివాచీ ఉండాలి.

అయితే మొత్తం గదంతా ఉండనక్కర్లేదు. ఇక్కడ నాది మధ్యేమార్గం. పోగులు ఎక్కువ రాలేది మిషన్ల వరుస కింద, కత్తిరించే బల్ల కింద. నిప్పు భయం ఉండేది ఇస్త్రీ బల్ల దగ్గర. ఈ మూడు చోట్లా తివాచీ వెనక్కి జరిపి బండే ఉంచుదాం. చేతి కుట్టు కుట్టేవాళ్ళు కూర్చునే సగం గదిలో తివాచీ ఉంచుదాం. మిషన్ల చప్పుడు మళ్ళీ పెరుగుతుందంటారా? పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి మిషన్ కాళ్ళ కింద పెడితే చాలావరకు తగ్గుతుంది. నా షాపులో నేను చేసింది అదే.

ఏం చేయాలి?

పోగు రాలాక ఏరడం కంటే రాలకుండా చూడటం మేలు. అందుకు ఖర్చు లేని పద్ధతులే ఉన్నాయి.

కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాలనూ నాలుగంగుళాలు వెనక్కి లాగి వేలితో పట్టుకోండి. కింద దారం చిక్కుపడదు, విప్పి పారేయాల్సిన పోగు ఉండదు. ఒకే రకం ముక్కలు చాలా ఉంటే, ఒకటి కుట్టి దారం కత్తిరించి మరొకటి పెట్టకండి. ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఎక్కించి, తోరణంలా వచ్చాక మధ్యలో కత్తిరించండి. పొడుగు పోగులు బాగా తగ్గుతాయి, దారం కూడా ఆదా.

ప్రతి మిషన్‌కు కుడిపక్క ఒక సంచి కట్టండి. గుడ్డ పీలికలతో మీరే కుట్టుకోవచ్చు. పై అంచులో వంచిన తీగ పెడితే నోరు తెరుచుకుని ఉంటుంది. కత్తిరించిన పోగు నేల మీద కాదు, దానిలో పడాలి. చేతి కుట్టు కుట్టేవాళ్ళు పక్కన చిన్న డబ్బా మూతలో తడి స్పాంజి ముక్క పెట్టుకోండి. పోగును దానికి అద్దితే ఎగరదు, అంటుకుని ఉంటుంది. ఒళ్ళో పాత దుప్పటి ముక్క పరుచుకుంటే లేచేటప్పుడు నాలుగు కొసలూ పట్టుకుని సంచిలో దులపవచ్చు.

ఇన్ని చేసినా కొన్ని రాలతాయి. వాటిని చీపురుతో కొట్టకండి. నీళ్ళు తుడిచే రబ్బరు వైపరును తివాచీ మీద ఒకే దిశలో, మూర వెడల్పు పట్టీలుగా, మీ వైపుకు లాగండి. రబ్బరు రాపిడికి అడుగున ఉన్న పోగులు కూడా ఉండలు కట్టి పైకి వస్తాయి. వైపరు లేకపోతే శుభ్రంగా కడిగిన పాత హవాయి చెప్పు అడుగుభాగం చాలు. కొంచెం తడి చేసిన అరచేయి కూడా పనిచేస్తుంది. దానికి ముందు అయస్కాంతం ఒకసారి తివాచీ మీద తిప్పండి. పాత రేడియో స్పీకరులోది చాలు. సూదులు దానికి పట్టుకుంటాయి. సూది విరిగితే ఫ్యాక్టరీ పద్ధతే మనదీ: ముక్కలన్నీ దొరికిందాకా ఎవరూ లేవకూడదు.

ఒక హెచ్చరిక. లాగితే రాని పోగును గట్టిగా పీకకండి. అది రాలింది కాకపోవచ్చు, తివాచీ సొంత ఉచ్చు కావచ్చు. ఒక్కటి పీకితే పక్కవన్నీ వరుసగా ఊడి వస్తాయి. కత్తెరతో పై కొస మాత్రం కత్తిరించండి. మీ జాకెట్టు దారం రంగు మీకు తెలుసు. దాన్ని బట్టి ఏది మీదో, ఏది తివాచీదో తెలుస్తుంది.

గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు మిషన్లు ఆపండి. ఎవరి చుట్టూ వాళ్ళు చేయి చాచినంత దూరం చూసుకోండి. పదిమందికి మూడు నిమిషాలు చాలు. సంచిలో పోగైన పోగులు, పీలికలు కూడా పారేయకండి. అవి దిండ్లలోకి, గుండుసూదులు గుచ్చే మెత్తల్లోకి పనికొస్తాయి. కానీ మూట ఇస్త్రీ బల్ల దగ్గర పెట్టకూడదు, వారం దాటనివ్వకూడదు.

పెద్దలకు రెండు మాటలు

ఇప్పుడు ఆ తాళం వేసిన తలుపు దగ్గరికి వస్తాను. పోగు మన చేతిలో ఉంది, తలుపు మన చేతిలో లేదు. పిల్లలు ఎంత శుభ్రంగా ఉన్నా పెద్దలు చేయాల్సినవి చేయకపోతే ప్రయోజనం లేదు. శుభ్రత పాఠం ఎప్పుడూ కిందివాళ్ళకే చెప్పడం మంచి పద్ధతి కాదు. అందుకని వార్డెన్ మేడంకూ, హాస్టల్ కమిటీకీ వినయంగా కొన్ని విన్నపాలు చేస్తున్నాను.

కుట్టు గది రెండో తలుపు ముందు పేర్చిన పాత మంచాలు తీయించి, గదిలో పిల్లలున్నంతసేపు ఆ తలుపు గడియ తీసి ఉంచాలి. ఇస్త్రీ పెట్టెకు గోడ దగ్గరే ప్లగ్గు పెట్టించి, నేల మీద పాకే వైరు తీయించాలి. ఒక బకెట్ ఇసుక, మంటలార్పే సిలిండరు ఆ గదిలో ఉండాలి, దాన్ని ఎలా వాడాలో పిల్లలకు చూపించాలి. సూదులు, బాబిన్లతో పాటు చిన్న బ్రష్షులు, వైపరు కూడా టైలరింగ్ సామాను జాబితాలో రాయాలి. ఖాళీగా ఉన్న రెండో కమాటి పోస్టు నింపమని పైకి మళ్ళీ రాయాలి. ఇద్దరు చేయాల్సిన పని ఒక్క మనిషి చేత చేయిస్తూ పిల్లలకు శ్రమగౌరవం నేర్పలేం.

పూర్వ విద్యార్థినులకు ఒక మాట. ఇంతకుముందు మీరు తివాచీ ఇచ్చారు. ఈసారి డబ్బు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఒక్క ఆదివారం వచ్చి ఆ తివాచీ మీద పిల్లలతో కూర్చోండి. మీరు కుట్టిన నాలుగు కాజాల పోగులు మీరే ఏరి సంచిలో వేయండి. టీచరమ్మో, నర్సమ్మో వంగి తన పోగు తను తీసుకోవడం పిల్లలు కళ్ళారా చూస్తే నేను రాసిన ఈ నాలుగు పేజీల అవసరం ఉండదు.

చెల్లెళ్ళారా, రేపు మీరు ఏ ఉద్యోగంలో ఉన్నా, ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా, మీ కింద నేల ఊడ్చే మనిషి ఒకరు ఉంటారు. ఆమెను మీరు ఎలా చూస్తారో మన వసతి గృహం మీకు ఏం నేర్పిందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ చదువు పెద్ద పుస్తకాల దగ్గర మొదలు కానక్కర్లేదు. కత్తెర కింద పెట్టి, పక్కకు వంగి, మీ పోగు మీరు తీసుకోవడం దగ్గర మొదలైతే చాలు. కమిటీ సమావేశంలో తివాచీ మాట మళ్ళీ వస్తుంది. అప్పుడు చేయి ఎత్తేవాళ్ళు "ఉంచండి, మా పోగులు మేమే ఏరుకుంటాం" అనాలని నా కోరిక.